పాడి రైతులుగా మేము చూసిన మూడు పట్నాలు

(పాల సంఘాల అధ్యక్షులు, సభ్యుల సమావేశంలో ఐరోపా పర్యటన బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



విదేశాలు తిరిగి వచ్చినవారు సాధారణంగా అక్కడి మేడలను గురించి, రోడ్లను గురించి, చలిని గురించి చెబుతారు. అవన్నీ మేమూ చూశాము. కాని మా బృందంలోని ఐదుగురం, అంటే ముగ్గురు సంఘాధ్యక్షులు, ఒక మహిళా సంఘ సభ్యురాలు, ఒక పశువైద్యుడు, పాలతో బతికేవాళ్లమే. అందుచేత ఏ పట్నంలో దిగినా మా నోట మూడు ప్రశ్నలే వచ్చాయి. ఈ ఊరివారు తాగే పాలు ఎక్కడివి? ఆ పాలు పోసిన రైతు చేతికి ఏమి మిగులుతున్నది? ఆ డెయిరీకి యజమాని ఎవరు? ఈ మూడింటికీ మాకు దొరికిన జవాబులను మీ ముందు పెడతాము.

కోపెన్‌హేగన్‌

మేము మొదట దిగినది డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్. మే నెల. రాత్రి తొమ్మిది దాటినా వెలుతురు పోదు, తెల్లవారుజామున అయిదు కొట్టకముందే తెల్లవారుతుంది. అలవాటు కొద్దీ మేము చీకటితో లేద్దామనుకుంటే అక్కడ చీకటే దొరకలేదు. వీధిలోకి వస్తే కార్ల కంటె సైకిళ్లు ఎక్కువ. ముందు భాగంలో తొట్టి బిగించిన సైకిళ్లలో పిల్లలను కూర్చోబెట్టుకొని తల్లులు, తండ్రులు బడికి తీసుకుపోతున్నారు. కోటు, టై కట్టిన ఉద్యోగులు కూడా సైకిలు మీదే. సైకిలు తొక్కితే చిన్నతనమనే భావం ఎక్కడా కనిపించలేదు.

ఒక దుకాణంలో పాల అర చూసి చాలాసేపు నిలబడిపోయాము. పూర్తి వెన్న ఉన్నవి, సగం తీసినవి, అంతా తీసినవి, ఒక్కొక్కటి ఒక్కొక్క రంగు పెట్టెలో ఉన్నాయి. వాటి పక్కనే మజ్జిగ! వేసవిలో వాళ్లు మజ్జిగలో పంచదార, నిమ్మ, గుడ్డు కలిపి చల్లగా తాగుతారట. మనం అల్లం, పచ్చిమిరప, కరివేపాకు వేస్తామని చెబితే ఆ దుకాణదారు నవ్వాడు. ప్రతి ఏటా ఏప్రిల్‌లో ఒక ఆదివారం సేంద్రియ పాడి క్షేత్రాలవారు చలికాలమంతా కొట్టంలో ఉన్న ఆవులను పచ్చికలోకి వదులుతారు. అవి గంతులు వేస్తూ పరుగెత్తడం చూడడానికి పట్నవాసులు పిల్లలతో వేల సంఖ్యలో వెళతారు. తాను తాగే పాలు ఇచ్చే ఆవును ఏడాదికి ఒక్కసారైనా చూడాలన్న కోరిక పట్నానికి ఉండడం మాకు నచ్చింది.

ఊరి నడిబొడ్డున 1843లో తెరిచిన టివోలి ఉద్యానవనం ఉంది. దాని సమీపంలో ఆక్సెల్‌బోర్గ్ అనే పెద్ద భవనం చూపించారు. దానిని 1920 ప్రాంతంలో సహకార బ్యాంకు కోసం కట్టారు. అంత ఖరీదైన చోట రైతుల సొమ్ముతో లేచిన భవనమని చూసి మా ఛాతీ కొంచెం పెరిగింది. తరువాత తెలిసినదేమంటే, ఆ బ్యాంకు 1925లోనే కూలిపోయిందట. భవనం నిలిచింది, బ్యాంకు నిలవలేదు. భవనం ఎత్తు చూసి సంఘం బలం కొలవకూడదని మాకు అక్కడే అర్థమయింది.

మొదటి సంఘం పుట్టిన పల్లె

ఆ దేశంలో సహకార డెయిరీ పుట్టినది పట్నంలో కాదు. పడమటి జట్లండ్‌లోని ఎడ్డింగ్ అనే పల్లెలో, 1882లో. రైలెక్కి, ఆపైన కారులో అక్కడికి వెళ్లాము. ఆ పాత డెయిరీని ఇప్పుడు ప్రదర్శనశాలగా ఉంచారు. మన పాల కేంద్రం కంటె మరీ పెద్దదేమీ కాదు.

అది ఎందుకు పుట్టిందో వినండి. 1870 ల తరువాత అమెరికా, రష్యాల నుంచి చౌక ధాన్యం వచ్చిపడి డెన్మార్క్ రైతుల గింజల ధర కూలిపోయింది. వాళ్లు ధాన్యం తగ్గించి పాడి వైపు తిరిగారు. కాని మంచి వెన్న తీయాలంటే చల్లని గదులు, మంచు, పనివారు కావాలి. అవి పెద్ద ఎస్టేట్లవారికే ఉండేవి. రెండు మూడు ఆవుల రైతు ఇంట చిలికిన వెన్నకు తక్కువ ధరే పలికేది. అటువంటప్పుడు, 1878 ప్రాంతంలో, పాల నుంచి మీగడను ఆగకుండా వేరుచేసే యంత్రం వచ్చింది. ఒక్క రైతు దానిని కొనలేడు. పదిమంది కలిస్తే కొనగలరు. అందరి పాలూ ఒకే యంత్రంలో పోస్తే చిన్న రైతు వెన్నకూ, దొర వెన్నకూ తేడా లేకుండా పోయింది. పంతొమ్మిదో శతాబ్దం ముగిసేనాటికి అటువంటి డెయిరీలు సుమారు వెయ్యి అయ్యాయి.

వాళ్లు పెట్టుకున్న నియమాలు నాలుగు. ఇంటి వాడకానికి పోను మిగిలిన పాలన్నీ సంఘానికే పోయాలి. అప్పుకు అందరూ కలిసి పూచీ పడాలి. లాభం పోసిన పాలను బట్టి పంచాలి. ఓటు మాత్రం మనిషికి ఒక్కటే. పశువుల తలలు లెక్కపెట్టి కాదు, మనుషుల తలలు లెక్కపెట్టి ఓటు అని అక్కడ ఒక నానుడి ఉంది. రెండు ఆవులున్నవాడు ఇరవై ఆవులున్నవాడి పక్కన కూర్చుని చెయ్యెత్తేవాడు.

ఇంకొక సంగతి. వెన్న తీసిన పాలను తిరిగి రైతులకు పంచేవారు. వాటిని దూడలకు, పందులకు పోసేవారు. అందరి పాలూ కలిసినందువల్ల ఒక ఇంటి ఆవుకు క్షయ ఉంటే అది పదిళ్ల దూడలకు పాకేది. అందుచేత తిరిగి పంచే పాలను కాచి తీరాలని 1898లో చట్టమే చేశారు. ఒకరి క్యాను శుభ్రంగా లేకపోతే నష్టం ఊరందరిదీ అని వాళ్లు నూరేళ్ల కిందటే గ్రహించారు. నేడు ప్రతి ట్యాంకరు పాలలోనూ మందుల అవశేషాలను పరీక్షిస్తారు. పొదుగువాపుకు సూది వేయించి, గడువు తీరకుండా మన కేంద్రంలో పాలు పోసేవారు ఈ మాట చెవిన వేసుకోవాలి.

లేవార్డెన్‌

డెన్మార్క్ నుంచి రైలులో హాంబర్గ్ మీదుగా నెదర్లాండ్స్ చేరాము. ఆమ్‌స్టర్‌డాంలో వీధికి ఒక కాలువ. దేశంలో చాలా భూమి సముద్రమట్టానికి దిగువన ఉంది. గట్లు కట్టి, నీటిని తోడి పోసి, నేలను కాపాడుకుంటున్నారు. గట్టు ఒక్కచోట తెగితే అందరి పొలాలూ మునుగుతాయి గనుక, పదమూడో శతాబ్దం నుంచే రైతులు కలిసి నీటి సంఘాలు నడుపుకున్నారు. చెరువు కట్టను ఊరంతా కలిసి కాచుకున్న మనకు ఇది కొత్త పాఠం కాదు, మరచిపోతున్న పాఠం.

అక్కడి నుంచి ఉత్తరాన ఫ్రీస్లాండ్ ప్రాంతపు ముఖ్య పట్టణం లేవార్డెన్‌కు వెళ్లాము. మన ఊళ్లలో హెచ్‌.ఎఫ్‌. ఆవు అంటాము కదా, ఆ రెండో అక్షరం ఈ ఫ్రీస్లాండ్ పేరే. రైలు స్టేషన్‌కు దగ్గరలోనే కూడలిలో కంచు ఆవు విగ్రహం నిలబెట్టారు. 1954లో పెట్టినది. దాని పేరు వారి భాషలో ‘ఉస్ మెమ్’, అంటే మా అమ్మ. ఏ రాజుకో సేనాపతికో కాక, పాలిచ్చే ఆవుకు పట్నం నడుమ విగ్రహం! మాతో వచ్చిన అక్క ఆ విగ్రహం కాలిని తాకి కళ్లకు అద్దుకుంది. సంచిలో పసుపు కుంకుమ తెచ్చుకోలేదే అని నొచ్చుకుంది. మన ఒంగోలు జాతి సముద్రాలు దాటి బ్రెజిల్‌లో నెలోర్ అనే పేరుతో మందలు మందలుగా వృద్ధి అయింది. వాళ్ల ఆవు మన కొట్టంలోకి వచ్చింది. పశువులకు పాస్‌పోర్టు మనకంటె ముందే దొరికినట్లుంది.

అక్కడ ఒక పాడి రైతు ఇంటికి వెళ్లాము. కొట్టంలో మనుషులు లేరు. పితికించుకోవాలనిపించినప్పుడు ఆవే వెళ్లి యంత్రం ముందు నిలబడుతుంది. ఈ యంత్రాలను 1992లో మొదట నడిపినది ఆ దేశంలోనే. చూడడానికి ముచ్చటగా ఉంది. కాని ఆ పెద్దాయన మాటల్లో ముచ్చట తక్కువ. యంత్రానికి అప్పు, కొట్టానికి అప్పు, కొడుకు పట్నంలో ఉద్యోగం. పేడ కూడా సమస్యే. పశువులు ఎక్కువై నేల పట్టనంత పేడ అయినందున ప్రభుత్వం ఆంక్షలు పెట్టింది. 2019 అక్టోబరులో రైతులు వేల ట్రాక్టర్లతో హేగ్ నగరానికి కదిలి వెళ్లారు. మనకు పేడ బంగారం, వాళ్లకు అదే బరువైంది. మా పశువైద్యుడు తన పుస్తకంలో రాసుకున్న మాట ఇది: పశువుల సంఖ్య నేలకు తగినట్లు ఉండాలి.

డెన్మార్క్‌లోనూ ఇదే వరస. నేడు అక్కడ పాడి క్షేత్రాలు మూడు వేల లోపే. ఒక్కొక్క చోట సగటున రెండు వందలకు పైగా ఆవులు. చిన్న డెయిరీలు కలిసి కలిసి పెద్దవైనాయి. 2000లో డెన్మార్క్, స్వీడన్ రైతుల సంఘాలు ఏకమై ఆర్లా అనే సంస్థ ఏర్పడింది. యజమానులు ఇప్పటికీ రైతులే. కాని రెండు ఆవుల రైతు ఆ సభలో లేడు, ఎప్పుడో పాడి వదిలి వెళ్లిపోయాడు. సంఘం పెరిగింది, సభ్యుడు తరిగాడు. మెచ్చుకోవలసినది, భయపడవలసినది రెండూ ఇందులోనే ఉన్నాయి.

బ్రస్సెల్స్‌

చివరకు బెల్జియం రాజధాని బ్రస్సెల్స్ చేరాము. ఐరోపా దేశాల ఉమ్మడి కార్యాలయాలు ఉన్న పట్నం. అద్దాల భవనాల నడుమ నిలబడితే, ఇక్కడ కూర్చుని రాసే కాగితానికి, ఎక్కడో పచ్చికలో మేసే ఆవుకు ఏమి సంబంధమనిపిస్తుంది. సంబంధం చాలా ఉంది.

1984 నుంచి 2015 మార్చి ఆఖరు దాకా, ఏ దేశం ఎన్ని పాలు తీయవచ్చునో అక్కడ కోటా కట్టారు. అంతకుముందు వెన్న, పాలపొడి గుట్టలుగా పేరుకుపోయినందువల్ల ఆ ఏర్పాటు. కోటా ఉన్నా ధర నిలవని రోజులు వచ్చాయి. 2009లో బెల్జియం రైతులు సుమారు 30 లక్షల లీటర్ల పాలను పొలాల్లో పారబోశారు. 2012 నవంబరులో ఐరోపా పార్లమెంటు భవనం మీదికి గొట్టాలతో పాలు చిమ్మారు. కోటా ఎత్తివేసిన తరువాత ధర మళ్లీ పడిపోతే, 2017 జనవరిలో పాలపొడి చల్లారు. ఆ చోటు మాకు చూపించినప్పుడు ఎవరమూ మాట్లాడలేదు. పొయ్యి మీద పాలు పొంగితే కంగారుపడే ఇళ్ల నుంచి వెళ్లినవాళ్లం. కన్నబిడ్డలాంటి పాలను పారబోసే స్థితికి రైతు వచ్చాడంటే అతని కడుపు ఎంత మండి ఉండాలి!

ఆ మిగులు పాలకు, మన సంఘాలకు ఒక బంధుత్వం ఉంది. ఐరోపా వారి పాలపొడిని, వెన్ననూనెను ప్రపంచ ఆహార కార్యక్రమం ద్వారా తీసుకొని 1970లో మన దేశంలో ఆపరేషన్ ఫ్లడ్ మొదలయింది. మొదటి దశకు 1,26,000 టన్నుల పొడి, 42,000 టన్నుల వెన్ననూనె కేటాయించారు. దానం వచ్చింది కదా అని ఊరికే పంచి ఉంటే పట్నంలో పాల ధర కూలి మన పాడి అప్పుడే మూలపడేది. డాక్టర్ కురియన్ గారు, జాతీయ పాడి అభివృద్ధి మండలి వారు ఆ పొడిని పాలుగా చేసి అమ్మించి, వచ్చిన సొమ్ముతో డెయిరీలు కట్టించి, పల్లెల సంఘాలను పట్నాల మార్కెట్లకు కలిపారు. 1998 నాటికి పాల ఉత్పత్తిలో మన దేశం ప్రపంచంలో మొదటి స్థానానికి వచ్చింది. పరాయివారి మిగులును మన పెట్టుబడిగా మార్చిన ఘనత అది. ఆ మార్పు నిలవడానికి కారణం గ్రామాల్లో సంఘం ఉండడమే.

మనం చేయవలసినవి

ఇంతకూ మా మూడు ప్రశ్నలకు జవాబు ఒక్కటే అయింది. డెయిరీ రైతుదైనంత మాత్రాన ధర ఎప్పుడూ పెరుగుతూనే ఉండదు. కాని ధర పడిననాడు రైతు మాట వినే చోటు అదొక్కటే. ఆ చోటును నిలుపుకోవడానికి నాలుగు మాటలు మనవి చేస్తాము.

ఒకటి. ఎండాకాలంలో లీటరుకు రూపాయి ఎక్కువ ఇస్తానని వాకిట్లోకి వచ్చే వ్యాపారి, పాలు పుష్కలంగా ఉండే చలికాలంలో ముఖం చాటేస్తాడు. రెండు కాలాల్లోనూ పోయించుకునేది సంఘమే. పూటకొక చోట పోస్తే ఏ పూటా మన మాట చెల్లదు.

రెండు. సర్వసభ్య సమావేశానికి రండి. లెక్కలు చదివించండి. వెన్న శాతం తక్కువ వచ్చిందని అనుమానముంటే ఇంట్లో గొణుక్కోవద్దు, మీ ఎదుటే మళ్లీ పరీక్ష చేయమని అడగండి. అడిగే సభ్యుడు సెక్రటరీకి శత్రువు కాడు, సంఘానికి కాపలాదారు.

మూడు. పాత్ర కడగడం, పొదుగు తుడవడం, పితికిన వెంటనే కేంద్రానికి చేర్చడం, ఇవి ఖర్చులేని పనులు.

నాలుగు. పేడ తీసేది, పాలు పితికేది, క్యాను మోసుకొచ్చేది చాలా ఇళ్లలో ఆడవారు. సభ్యత్వం, ఓటు మాత్రం మగవారి పేర. పనిచేసే చేతికే పాస్‌బుక్ ఇవ్వాలి. చదువుకున్న కొడుకును, కోడలిని సమావేశానికి వెంట తీసుకురండి. లేనిపక్షంలో మనమూ ఒకనాడు పెద్ద డెయిరీ, ఖాళీ కొట్టాలు మిగిల్చి పోతాము.

ఆ దేశాల రోడ్లు, మేడలు మనకు ఎప్పుడు వస్తాయో చెప్పలేము. మనిషికొక ఓటు మాత్రం మన చేతిలో ఇప్పుడే ఉంది. వచ్చే సర్వసభ్య సమావేశంలో దానిని వాడండి.