క్యాన్సర్ నయమైన తరువాత
బాల్యంలో రక్తక్యాన్సర్ నుంచి కోలుకున్నవారిలో కొందరికి, చికిత్స ముగిసిన ఎన్నో ఏళ్ల తరువాత, నడుము చుట్టూ కొవ్వు, అధిక రక్తపోటు, రక్తంలో చక్కెర, కొవ్వుల హెచ్చుతగ్గులు కలిసి కనిపిస్తాయి. ఈ సముదాయాన్నే వైద్యులు మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు. తలకు ఇచ్చిన రేడియేషన్ వల్ల మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి దెబ్బతిని, ఎదుగుదల హార్మోన్ తగ్గినప్పుడు, కండ తగ్గి కొవ్వు పెరుగుతుంది. డాక్సోరూబిసిన్ వంటి క్యాన్సర్ మందు గుండెను బలహీనపరచి ఉంటే, అధిక రక్తపోటు గుండెకు ఉన్న ముప్పును ఇంకా పెంచుతుంది. ఈ మార్పులు తొలిదశలో బాధ కలిగించవు కనుక పరీక్షలే వాటిని బయటపెడతాయి. అందువల్ల పాత చికిత్స పత్రాలను భద్రపరచి, ప్రతి వైద్యునికీ చూపి, రక్తపోటు, చక్కెర, కొవ్వుల పరీక్షలను క్రమం తప్పక చేయించుకోవాలి. క్యాన్సర్ నయమైనా పరీక్షలు మానరాదు.