వాహనంపై ఫోను – చెదిరిన ధ్యాస

సర్వస్తోత్రాలూ అల్లాహ్‌కే. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం)పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతి, శుభాలు కురియుగాక!

ధార్మిక సోదరులారా! ఖుత్బా జరుగుతున్నప్పుడు పక్కవానిని ఊరుకోమనడం కూడా వ్యర్థ చేష్టేనని మహాప్రవక్త (సల్లం) హెచ్చరించారు. భోజనం వడ్డించి ఉంటే ముందు అది ముగించి నమాజుకు నిలబడమన్నారు. మనసు ఏకకాలంలో రెండు చోట్ల నిలువదని ధర్మవేత్తలు దీనిని వివరించారు. నమాజులో మనసు చెదిరితే మన పుణ్యం తరుగుతుంది. రహదారిపై చెదిరితే ప్రాణం పోతుంది. అది మన ప్రాణమే కానక్కరలేదు.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో సాగే వాహనం 3 సెకన్లలో 50 మీటర్లు దాటుతుంది. ఫోను తెరపై పేరు చదివేలోపే ఆ దూరం గడిచిపోతుంది. కొందరు హెల్మెట్‌లో ఫోను ఇరికించుకొని, ‘చేతులు ఖాళీగానే ఉన్నాయి కదా’ అంటారు. లోపం చేతిలో లేదు, ధ్యాసలో ఉంది. కళ్ళు రోడ్డుపైనే ఉన్నా, అడ్డువచ్చిన బాలుణ్ణి మనసు గుర్తించదు. పక్కన కూర్చున్నవాడు మలుపు చూసి మాట ఆపుతాడు. ఫోనులోని వానికి మలుపు కనబడదు, అతడు జవాబు కోరుతూనే ఉంటాడు. ఫోను వాడే డ్రైవర్లకు ప్రమాద అవకాశం సుమారు 4 రెట్లని, చేత పట్టకుండా మాట్లాడినా పెద్దగా క్షేమం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

‘అంతా తఖ్దీర్’ అని తప్పించుకోలేము. పొరపాటున విశ్వాసి ప్రాణం తీసినవానిపై కూడా అన్నిసా సూరా 92వ ఆయత్ బాధ్యత మోపింది. వారసులు క్షమిస్తే తప్ప దియత్ చెల్లించాలి. బానిసను విముక్తుణ్ణి చేయాలి. అది సాధ్యపడనివాడు వరుసగా రెండు నెలలు ఉపవాసాలు పాటించాలి. ఉద్దేశం లేని తప్పుకే ఇంత లెక్క ఉంటే, తెలిసి చేసే అజాగ్రత్తకు ప్రభువు సన్నిధిలో ఏమి జవాబిస్తాం? షరీఅత్‌కు విరుద్ధం కాని రహదారి నియమాలను పాటించడం ధర్మరీత్యా తప్పనిసరి అని 1993లో బ్రూనైలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ తీర్మానించింది.

దారిలోని హానికర వస్తువును తొలగించడం ఈమాన్‌లో ఒక శాఖ. మరి మనమే దారికి హానిగా మారితే?

సోదరులారా! కాసేపట్లో నమాజు ముగించి బయలుదేరుతారు. మసీదులో మౌనం చేసిన ఫోనును ఇల్లు చేరేదాకా అలాగే ఉంచండి. అత్యవసరమైతే బండి పక్కకు ఆపి మాట్లాడండి. కుమారుడో, భర్తో బండిపై ఉన్నాడని తెలిస్తే పదే పదే ఫోను చేయవద్దని ఇంట్లోవారికీ చెప్పండి. ఇతరులకు కీడు కలగకుండా చూసుకోవడం కూడా సదఖాయే.

ఓ అల్లాహ్! మా ప్రయాణాలను క్షేమకరం చేయి. మా చేతుల వల్ల ఏ తల్లికీ గర్భశోకం కలగనీయకు. ఆమీన్.