రాతి అతుకు – జిగురు బలం
(ఆలయ జీర్ణోద్ధరణ, పునఃప్రతిష్ఠా మహోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆగమ విషయాలను పండితులు విపులంగా సెలవిచ్చారు. నాకు అప్పగించిన విషయం చిన్నదే అయినా రాతి ఆలయానికి చాలా ముఖ్యమైనది. బీటవారిన దూలాన్ని, పగిలిన స్తంభాన్ని, అంచు విరిగిన మెట్టును తిరిగి అతికించడానికి నేడు ఎపాక్సీ అనే జిగురును విరివిగా వాడుతున్నారు. ఆ అతుకు బలం దేనిపై ఆధారపడి ఉంటుంది? ఎక్కడ దానిని నమ్మవచ్చు, ఎక్కడ నమ్మరాదు? ఈ రెండు ప్రశ్నలకే నా ప్రసంగం పరిమితం. అర్చామూర్తుల సంగతి ఇందులో చేరదు. ఆ విషయంలో ఆగమమే ప్రమాణం.

ఎపాక్సీ మనకు తెలియని వస్తువు కాదు. 1940ల దశకంలో స్విట్జర్లాండునుండి ‘అరాల్డైట్’ పేరుతో వెలువడి, క్రమంగా మన ఇండ్లలోకి కూడా వచ్చింది. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి ప్రాంతాలలో ఎన్నో సౌధాలు వెలిశాయి. వాటిలో పనిచేసే కంప్యూటర్లను విప్పి చూస్తే, లోపల సూక్ష్మ భాగాలను మోసే పచ్చని పలక సాధారణంగా గాజునారను ఎపాక్సీతో కలిపి చేసినదే. ఆ సౌధాలకు మనలను చేర్చే మెట్రో మార్గంలోనూ ఎపాక్సీ ఉన్నది. 2019 మార్చి 20న హైటెక్ సిటీ వరకు, నవంబరు 29న రాయదుర్గం వరకు రైలు నడక మొదలయింది. ఆ ఎత్తైన వంతెన ఒక్క ముద్దగా పోసినది కాదు. వేరొకచోట పోసిన కాంక్రీటు ఖండికలను తెచ్చి, వాటి ముఖాలకు ఎపాక్సీ పూసి, ఒకదానికొకటి ఒత్తి, లోపల ఉక్కు తీగలను బిగించి నిలిపినది. ఎపాక్సీ అక్కడ సందును పూడ్చి, ముఖాలను సమంగా కలిపి, నీటిని అడ్డుకొంటుంది. ఖండికలను పట్టి ఉంచే ప్రధాన శక్తి బిగించిన ఉక్కుది. జిగురును ఒంటరిగా నమ్మలేదన్న ఈ సంగతిని గుర్తుంచుకోవలసిందిగా కోరుతున్నాను. తరువాత దీని అవసరం వస్తుంది.

ఇక అతుకు బలానికి కారణాలను ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది శుద్ధి. జిగురు రాతిని పట్టుకోవాలంటే ముందు ద్రవరూపంలో రాతిపై పరచుకొని, దాని సూక్ష్మరంధ్రాలలోకి దిగాలి. మధ్యలో దుమ్ము ఉంటే జిగురు దుమ్మును పట్టుకొంటుంది. సున్నపు పొర ఉంటే సున్నాన్ని పట్టుకొంటుంది. పొర ఊడినప్పుడు జిగురూ ఊడుతుంది. ఆలయపు రాయికి మరొక విశేషం ఉన్నది. తరతరాల దీపారాధనలో, అభిషేకాలలో అది నూనెను, నేతిని పీల్చుకొని ఉంటుంది. పైపైన గుడ్డతో తుడిస్తే లోపలి నూనె పోదు. దానిని తగిన ద్రావకంతో లాగివేయాలి, లేదా ఆ పొరను స్థపతి ఉలితో తీసివేయాలి. శుద్ధి అయినదో లేదో తెలుసుకొనేందుకు సులభమైన పరీక్ష ఒకటున్నది. రాతిపై ఒక నీటిబొట్టు వేయండి. అది పరచుకొని ఇంకితే మంచిది. తామరాకుపై నీటివలె గుండ్రంగా నిలిచిందంటే నూనె ఇంకా ఉన్నట్లే. పరీక్ష తరువాత రాయి పూర్తిగా ఆరనివ్వాలి. రంధ్రాలలో నీరు నిండి ఉంటే సామాన్యమైన ఎపాక్సీకి చోటు దొరకదు.

నునుపుగా మెరుగుపెట్టిన రాతిముఖాన్ని గరుకు చేయకుండా అతికించరాదు. అయితే పగిలిన ముఖం తాజాగా, శుభ్రంగా ఉంటే దానిని మళ్ళీ చెక్కనవసరం లేదు. ఆ రెండు ముఖాలు ఒకదానిలో ఒకటి ఇమడడమే పెద్ద బలం. దుమ్మును నూనెతుంపరలు లేని గాలితో ఊదివేస్తే చాలు.

రెండవది పాళ్లు. ఎపాక్సీలో రెండు భాగాలుంటాయి. ఒకటి రెజిన్, రెండవది దానిని గట్టిపరచే హార్డ్‌నర్. ఇవి అణువులతో అణువులు లెక్కగా కలిసి వలవలె అల్లుకొంటాయి. హార్డ్‌నర్ కొంచెం ఎక్కువ వేస్తే త్వరగా, మరింత గట్టిగా అంటుకొంటుందనే నమ్మకం పనివారిలో ఉన్నది. అది సరికాదు. లెక్కకు మించినది జతలేక మిగిలిపోయి అతుకును మెత్తబరుస్తుంది. తక్కువైతే రెజిన్ మిగిలిపోతుంది. కనుక కంటితో అంచనా కట్టక, తయారీదారు చెప్పిన పాళ్లను తూకం వేసి, డబ్బా అడుగునుండి అంచులనుండి గీకి, రంగు ఏకంగా వచ్చేదాకా కలపాలి.

మూడవది కాలం, ఉష్ణం, తేమ. వేడి 10 డిగ్రీలు పెరిగితే గట్టిపడే వేగం సుమారు రెట్టింపవుతుంది. మన నగరంలో మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటిన వేళ పెద్ద డబ్బాలో కలిపితే, జిగురు తన వేడికి తానే ఉడికి, పూయకముందే గడ్డకడుతుంది. అందువల్ల వేసవిలో ఉదయపు చల్లని వేళలో, కొద్దికొద్దిగా కలిపి వాడాలి. చలికాలపు రాత్రులలో ఇదే పని చాలా నెమ్మదిస్తుంది. వానాకాలంలో వేరొక చిక్కు వస్తుంది. హార్డ్‌నర్ గాలిలోని తేమతో, బొగ్గుపులుసు వాయువుతో కలిసి, పైన జిడ్డుపొర కట్టవచ్చు. దానిని కడిగి ఆరబెట్టకుండా రెండవ పూత వేస్తే ఆ పూత నిలవదు. చేతికి గట్టిగా తగిలినంత మాత్రాన అతుకు పూర్తయిందనుకోరాదు. సామాన్యమైన రకాలకు 25 డిగ్రీల వద్ద పూర్తి బలం రావడానికి సుమారు 7 దినాలు పడుతుంది.

నాలుగవది మందం, ఒత్తిడి. జిగురు దళసరిగా ఉంటే బలమెక్కువనుకోవడం పొరపాటు. పలుచగా, అంతటా సమంగా ఉన్న పొరయే బలమైనది. అయితే దానిని పూర్తిగా బయటికి పిండివేసేటంతగా బిగించరాదు. వంతెన ఖండికలను కలిపేటప్పుడు చదరపు సెంటీమీటరుకు సుమారు 3 కిలోల సమమైన ఒత్తిడి ఇస్తారు. జిగురు అంచులన్నింటా సన్నగా పొంగి వస్తే లోపల నిండినదని గుర్తు. రాతి అతుకులోనూ ఇదే లక్షణం చూడాలి. వెడల్పైన సందు ఉంటే జిగురులో పొడి రాతిపిండి కలపడం మేలు. వేడికి ఉత్త ఎపాక్సీ గ్రానైటుకంటె ఆరేడు రెట్లు ఎక్కువగా వ్యాకోచిస్తుంది. రాతిపిండి ఆ తేడాను తగ్గిస్తుంది, రంగునూ కలుపుతుంది.

ఐదవది బరువు పడే తీరు. ఇదే ప్రాణానికి సంబంధించిన విషయం. నొక్కే బరువును ఎపాక్సీ చక్కగా ఓర్చుకొంటుంది. అంచునుండి చీల్చే శక్తికి, ఎడతెగక వేలాడే బరువుకు అంతగా ఓర్చుకోదు. 2006 జూలై 10న అమెరికాలోని బోస్టన్ నగరపు ఒక సొరంగ మార్గంలో సుమారు 26 టన్నుల కాంక్రీటు పలకలు, వాటి సామగ్రి పైనుండి కారుపై పడి ఒక స్త్రీ మరణించింది. ఆ పలకలను వేలాడదీసిన కడ్డీలను పైకప్పు రంధ్రాలలో ఎపాక్సీతో నిలిపారు. అక్కడ వాడినది త్వరగా గట్టిపడే రకమనీ, నిరంతర భారానికి అది కొద్దికొద్దిగా సాగి జారిందనీ 2007లో విచారణ సంస్థ తేల్చింది. కడ్డీలు జారుతున్న సంగతి 1999లోనే కనబడినా దాని మూలం ఎవరూ సరిగా వెదకలేదు. స్వల్పకాలపు పరీక్షలో నెగ్గిన అతుకు ఏండ్ల తరబడి నెగ్గుతుందని చెప్పలేము. కనుక భక్తుల తలలపై ఉండే దూలాన్ని గాని, కప్పురాతిని గాని కేవలం జిగురుతో నిలపరాదు. తుప్పుపట్టని ఉక్కు కడ్డీలు లోపల దిగవేసి, అవసరమైతే క్రింద ఆధారం కల్పించి, అప్పుడు జిగురు వాడాలి. మామూలు ఇనుము వాడితే అది తుప్పుపట్టి ఉబ్బి రాతినే చీల్చుతుంది.

ఆరవది పరిసరం. గది ఉష్ణంలో గట్టిపడే ఎపాక్సీలు చాలావరకు 50, 60 డిగ్రీల వద్ద మెత్తబడతాయి. అఖండదీపం సమీపంలోను, హోమకుండం చుట్టూ, వేసవి ఎండకు కాలే నల్లరాతిపైన దీనిని ఎంచి వాడాలి. ఎండ తగిలే అతుకు పసుపువారి, పైపొర పొడిబారుతుంది.

ఇక్కడ అష్టబంధనం గూర్చి ఒక మాట. లక్క, గుగ్గిలం, తేనెమైనం, గైరికం, వెన్న మొదలైన ద్రవ్యాలను దంచి చేసే ఈ బంధనం పీఠానికి, మూర్తికి మధ్య ఉంటుంది. అది కొంత మెత్తదనం కలిగినది, కాలక్రమాన జీర్ణించేది, తీసి మరల వేయదగినది. తిరుమలలో 12 ఏండ్లకొకసారి జరిగే అష్టబంధన బాలాలయ మహాసంప్రోక్షణ 2018 ఆగస్టులో జరిగింది. ఎపాక్సీ ఇందుకు విరుద్ధమైనది. ఒకసారి గట్టిపడితే రాతికి హాని లేకుండా తీయడం బహుకష్టం. మరల తీయవలసిన చోట తీయరాని జిగురు పెట్టకూడదు. అందుచేత అష్టబంధనానికి బదులు ఎపాక్సీ వాడమని ఎవరైనా సూచిస్తే, శాస్త్రీయంగా చూసినా అది తగదనియే నా అభిప్రాయం.

మన పూర్వులు రాతిని ప్రధానంగా రాతి బరువుతో, కూర్పుతో నిలిపారు. 1213 నాటి పాలంపేట రామప్ప గుడి, 1163 నాటి హనుమకొండ వేయిస్తంభాల గుడి ఇసుక పునాదిపై లేచినవి. వేయిస్తంభాల గుడి కల్యాణ మంటపాన్ని 2006లో విప్పదీశారు. తిరిగి నిలిపి భక్తులకు అందించినది 2024 మార్చి 8న, మహాశివరాత్రినాడు. రాతిపని తొందరపెడితే సాగేది కాదనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

దాతలకు, నిర్వాహకులకు మూడు విన్నపాలు. ఒకటి, అదే రాతి ముక్కలను అదే జిగురుతో ముందు అతికించి, 7 దినాల తరువాత విరిచి చూపమని అడగండి. రాయి విరిగితే అతుకు మంచిది. జిగురు రాతినుండి శుభ్రంగా ఊడివస్తే శుద్ధిలో లోపమున్నది. రెండు, ముహూర్తం ముందు రాత్రివరకు అతుకుపనులు పెట్టుకోకండి. ముహూర్తాన్ని జరపలేము, జిగురు గట్టిపడే కాలాన్నీ కుదించలేము. కనుక ముహూర్తంనుండి వెనుకకు లెక్కించి, చివరి అతుకు కనీసం 15 దినాల ముందే పూర్తయేటట్లు పని క్రమం వేసుకోండి. మూడు, కలశంపైన, ద్వారపు తాపడంపైన దాత పేరు చెక్కుతారు. అతుకు లోపల జరిగే శుద్ధికి, తూకానికి, వేచియుండడానికి ఎవరి పేరూ ఉండదు. కాని ఆలయాన్ని నిలిపే ఖర్చులో అదీ ఒక భాగం. కంటికి కనబడని ఆ పనికి ధనాన్ని, కాలాన్ని ఉదారంగా ఇవ్వండి.

 స్వామివారి కరుణాకటాక్షాలు అందరిపై ప్రసరించుగాక! సర్వే జనాః సుఖినో భవంతు.