గయ్యాళి గొంతుకు హక్కుందా?

(వినుకొండలో జరిగిన స్త్రీల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను ఈ సదస్సుకు పిలిచిన మిత్రులు ఆస్తిహక్కు గురించో, గృహహింస చట్టం గురించో మాట్లాడమన్నారు. నేను గొంతు గురించి మాట్లాడతానన్నాను. "అంటే సంగీతమా?" అని అడిగారు. సంగీతమే. అయితే మనం సభ మొదట్లో ప్రార్థనగీతంగా పాడించుకునే సంగీతం కాదు. హార్డ్‌కోర్ పంక్, త్రాష్ మెటల్ అనే పేర్లతో ప్రపంచమంతా చలామణి అవుతున్న అరుపుల సంగీతం. మిరపకోతల పనులు వదులుకుని వచ్చినవాళ్ళ ముందు ఈ గోలేమిటని మీకు అనిపించవచ్చు. అందుకే ముందు ఒక అమ్మాయి సంగతి చెబుతాను.

ఈ చుట్టుపక్కల ఊరి పిల్లే. ఊరి పేరు, పిల్ల పేరు చెప్పను. డిగ్రీ చదువుతోంది. తల్లి కల్లంలో తాలుకాయలు ఏరే కూలీ. ఈ పిల్ల ఫోనులో ఆ అరుపుల పాటలు విని, పొలంలో మోటారు షెడ్డు పక్కన నిలబడి సాధన చేసేది. మోటారు చప్పుడులో తన గొంతు ఎవరికీ వినపడదనుకుంది. ఒకరోజు కరెంటు పోయింది, మోటారు ఆగింది, గొంతు మాత్రం ఆగలేదు. విన్న తల్లి పిల్లకు పూనకం వచ్చిందనుకుంది. ఇంటికి తీసుకెళ్ళి పసుపునీళ్ళు పోశారు, హారతిచ్చారు, ఏం కావాలో చెప్పు తల్లీ అని దండం పెట్టారు. ఆ పిల్ల అబద్ధం చెప్పలేక "అమ్మవారు కాదమ్మా, నేనే" అంది. అంతే. అన్న ఫోను పగలగొట్టాడు. చెయ్యి చేసుకున్నాడు. వారం తిరక్కుండా పెళ్ళి మాటలు మొదలయ్యాయి.

ఆ పిల్ల నన్ను అడిగింది: "మేడమ్, అమ్మవారు అరుస్తోందనుకున్నప్పుడు దండం పెట్టారు. నేనే అరుస్తున్నానంటే కొట్టారు. గొంతు ఒకటే కదా?"

నేను సోషియాలజీలో డాక్టరేట్ చేశాను. స్త్రీ శరీరం మీద, శ్రమ మీద, కదలికల మీద పితృస్వామ్యం పెట్టే ఆంక్షల గురించి ఎన్నో వ్యాసాలు రాశాను. అయినా ఇంత సూటి ప్రశ్నను నేనెప్పుడూ వేసుకోలేదు.

ఆలోచించి చూడండి. మన సమాజంలో ఆడది గట్టిగా అరవటానికి అనుమతి లేదని చెప్పలేం. జాతరలో పూనకం వస్తే అరవవచ్చు. శవం దగ్గర శోకాలు పెట్టవచ్చు. పెట్టకపోతే రాతిగుండె అంటారు కూడా. పురిటి నొప్పుల్లో అరవవచ్చు. అయితే ఈ మూడింటిలోనూ ఆ అరుపు ఆమెది కాదు. ఒకటి దేవతది, ఒకటి చచ్చినవాడికోసం, ఒకటి పుట్టబోయేవాడికోసం. తన కోసం, తన పేరు మీద, తన కోపంతో అరిచిన మరుక్షణం ఆమె గయ్యాళి అవుతుంది, నోరుగలది అవుతుంది, రచ్చకెక్కినది అవుతుంది. అనుమతి అరుపుకు ఉంది, మనిషికి లేదు.

ఇక ఆ సంగీతం గురించి కొంచెం చెప్పాలి. హార్డ్‌కోర్ పంక్ 1980 ప్రాంతంలో అమెరికాలో పుట్టింది. పాటలు చాలా చిన్నవి, ఒకటి రెండు నిమిషాలకు మించవు. వేగం ఎక్కువ, వాయిద్యాలు తక్కువ. శిక్షణ లేకపోయినా పాడవచ్చు, పెద్ద కంపెనీ లేకపోయినా రికార్డు వేసుకోవచ్చు అన్నది దాని పట్టుదల. వాషింగ్టన్‌లో కొందరు కుర్రాళ్ళు 1980లో డిస్కార్డ్ రికార్డ్స్ అని తమ సొంత లేబుల్ పెట్టుకున్నారు. ఇవాళ్టికీ ఆ బాటలో చిన్న చిన్న బృందాలు వందల సంఖ్యలో కేసెట్లు వేసుకుని చేతుల మీద అమ్ముకుంటున్నాయి, ఇంటర్నెట్‌లో పాటలు పెడుతున్నాయి. త్రాష్ మెటల్ కూడా దాదాపు ఆ కాలంలోనే పుట్టింది. దాని గిటారు మరింత బరువు, గొంతు మరింత గరుకు.

దీన్నంతా 'అండర్‌గ్రౌండ్' సంగీతం అంటారు. ఆ మాట వినగానే మనకు వేరే అర్థం స్ఫురిస్తుంది. మన దగ్గర అండర్‌గ్రౌండ్ అంటే రహస్య జీవితం. కొండపల్లి కోటేశ్వరమ్మ గారు 2012లో వెలువరించిన 'నిర్జన వారధి' చదివినవాళ్ళకు తెలుస్తుంది, ఒకనాడు వేదికల మీద పాటలు పాడిన స్త్రీ అజ్ఞాతంలోకి వెళితే ఏం పోగొట్టుకుంటుందో. ఈ సంగీతం వాళ్ళ అండర్‌గ్రౌండ్ అంత ప్రాణాంతకం కాదు. పెద్ద కంపెనీల, టీవీల దయాదాక్షిణ్యాలకు అవతల ఉండటమే దాని అర్థం. కానీ మోటారు షెడ్డు పక్కన దాక్కుని పాడుకున్న పిల్లకు మాత్రం రెండు అర్థాలూ వర్తిస్తాయి.

గొంతు పాడైపోతుంది, ఆడపిల్ల గొంతు మగగొంతు అయిపోతుంది అని భయపెడతారు. పద్ధతి తెలియకుండా అరిస్తే ఎవరి గొంతయినా పాడవుతుంది. కల్లాల్లో మిరపకోరు పీల్చి దగ్గే మీకు గొంతు పాడవటమంటే ఏమిటో ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. దాని గురించి ఏ పెద్దమనిషీ బెంగ పెట్టుకోలేదు. అసలు సంగతేమిటంటే, మామూలు మాటకు పనిచేసే స్వరతంత్రులకు కాస్త పైన మరో జత మడతలు ఉంటాయి. వాటిని అదిలించి, పొట్టలోంచి ఊపిరి పట్టి వదిలితే ఆ గరగర శబ్దం వస్తుంది. న్యూయార్కులో మెలిస్సా క్రాస్ అనే గురువు గొంతు చెడకుండా అరవటం ఎలాగో నేర్పుతూ 2005లో వీడియో పాఠాలే విడుదల చేసింది. అంటే ఇది పూనకం కాదు, పిచ్చి కాదు. విద్య. ఆ మడతలు ఆడవాళ్ళకూ ఉన్నాయి, మగవాళ్ళకూ ఉన్నాయి. జర్మనీకి చెందిన ఏంజెలా గాసోవ్ 'ఆర్చ్ ఎనిమీ' బృందంలో చేరి 2001లో 'వేజెస్ ఆఫ్ సిన్' అనే ఆల్బమ్ పాడితే, విన్న చాలామంది మగవాడి గొంతే అనుకున్నారు. అదే దేశంలో అంతకు ముందే సబీనా క్లాసెన్ 'హోలీ మోజెస్' అనే త్రాష్ బృందంలో 1980లలో మొదలుపెట్టి, 2023లో చివరి ఆల్బమ్ 'ఇన్విజిబుల్ క్వీన్' దాకా అరుస్తూనే ఉంది. ఆ ఆల్బమ్ పేరుకు అర్థం కనిపించని రాణి. గొంతు వినిపించినా మనిషి కనిపించకపోవటం మనకూ తెలిసిన సంగతే.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నవి ఈ ఆడపిల్లలు తమ బృందాలకు పెట్టుకున్న పేర్లు. బ్రెజిల్‌లో 2010లో మొదలైన త్రాష్ బృందం పేరు 'నెర్వోసా'. పోర్చుగీసులో అది స్త్రీలింగ పదం. చిరాకు మనిషి, నరాల మనిషి అని. దాన్ని స్థాపించిన ప్రికా అమరాల్, గాయని వెళ్ళిపోయాక తానే పాడటం మొదలుపెట్టి 2023లో 'జెయిల్‌బ్రేక్' విడుదల చేసింది. ఇండోనేషియాలో పశ్చిమ జావాలోని గారుత్‌లో 2014లో ముగ్గురు బడిపిల్లలు, మార్స్యా, విది, సితి, తలకు హిజాబ్ కట్టుకుని ఒక మెటల్ బృందం పెట్టారు. పేరు 'వాయిస్ ఆఫ్ బాచెప్రోత్'. వాళ్ళ సుండనీస్ భాషలో బాచెప్రోత్ అంటే గోలచేసేది, వాగుడుకాయ. వాళ్ళు 2023లో 'రేతస్' అనే ఆల్బమ్ తెచ్చి, 2024లో ఇంగ్లండులోని గ్లాస్టన్‌బరీ ఉత్సవంలో పాడారు. ఏ మాటతో తిట్టారో ఆ మాటనే బోర్డు మీద రాసుకున్నారు. మన పిల్లలెవరైనా బృందం పెడితే 'గయ్యాళి' అని పేరు పెట్టుకోమని నా సలహా.

ఇక్కడ మరో ముగ్గురు పిల్లల సంగతి చెప్పాలి. కశ్మీరులో పదో తరగతి వయసు అమ్మాయిలు ముగ్గురు 'ప్రగాష్' అనే బృందం పెట్టి 2012 డిసెంబరులో శ్రీనగర్‌లో ఒక పోటీలో పాడారు. బెదిరింపులు, బూతులు వచ్చిపడ్డాయి. 2013 ఫిబ్రవరిలో ముఫ్తీ వాళ్ళ పాటను తప్పుపట్టాడు. బృందం మూతపడింది. ఇండోనేషియా పిల్లలదీ, వీళ్ళదీ ఒకే మతం. వాళ్ళనూ బెదిరించారు, తిట్టారు. కాబట్టి కారణాన్ని మతానికి అంటగట్టి ఊరుకోవటం కుదరదు. గారుత్ పిల్లలకు ఈ సంగీతాన్ని పరిచయం చేసి పక్కన నిలబడింది వాళ్ళ బడిలో మాస్టారే. ఒక పెద్దమనిషి పక్కన నిలబడటానికీ నిలబడకపోవటానికీ మధ్య ఇంత తేడా ఉంది. 2021లో అమెరికాలో 'లిండా లిండాస్' అనే చిన్నపిల్లల బృందం లాస్ ఏంజెలస్ పబ్లిక్ లైబ్రరీలో పుస్తకాల అరల మధ్య నిలబడి, తరగతిలో తమను జాతి పేరుతో అవమానించిన పిల్లవాడి మీద పాట పాడారు. డ్రమ్ము వాయించిన పిల్లకు అప్పుడు పదేళ్ళు. ఆ లైబ్రరీ వాళ్ళకు చోటిచ్చింది. మన గ్రంథాలయాల్లో ఎన్నింటికి ఆ పని చేసే ధైర్యం ఉంది?

అయితే ఈ సంగీతాన్ని ఆకాశానికెత్తటానికి నేను రాలేదు. హార్డ్‌కోర్ కచేరీల్లో చాలాకాలం ముందు వరసలన్నీ మగపిల్లలవే. తోపులాటలో ఆడపిల్లలు గోడలకు అతుక్కుని నిలబడేవాళ్ళు. దాని మీద తిరగబడే 1991లో ఒలింపియా, వాషింగ్టన్ నగరాల్లో 'రయట్ గర్ల్' ఉద్యమం వచ్చింది. 'బికినీ కిల్' గాయని కాథ్లీన్ హానా ఆడపిల్లల్ని ముందు వరసకు రమ్మని వేదిక మీది నుంచి పిలిచేది. ఆ ఉద్యమంలోనూ తెల్లజాతి మధ్యతరగతి అమ్మాయిలదే పెద్దపీట అయిందని నల్లజాతి స్త్రీలు నిలదీశారు. మెటల్ పాటల్లో స్త్రీల శరీరాలను నరకటాన్ని వర్ణించి సంబరపడే ధోరణి ఒకటుంది. అరుపు దానంతటదే తిరుగుబాటు కాదు. ఎవరి మీద అరుస్తున్నారు అన్నది ఎప్పుడూ అడగవలసిందే.

మన దగ్గరా అదే ప్రశ్న. ఇది పల్నాడు. పక్కనే కారెంపూడిలో ఏటా వీరుల ఉత్సవం జరుగుతుంది. వీరుల కథను వీర విద్యావంతులు ఎత్తుకుంటే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. ఆ గర్జనంతా మగగొంతులది. ఆ కథలో మంత్రాంగం నడిపిన స్త్రీ నాగమ్మ మనకు ఎలా గుర్తుంది? కుట్రదారుగా. మగవాడి నోట అదే మంత్రాంగం రాజనీతి. కానీ దీనికి ఎదురు చరిత్ర కూడా ఉంది. 1940లలో ప్రజానాట్యమండలి రోజుల్లో మోటూరి ఉదయం తదితరులు మహిళా బుర్రకథ దళం కట్టారు. మగవాళ్ళ సొత్తనుకున్న తందాన ఊపును వాళ్ళు ఊరూరా వినిపించారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు సారా కొట్ల ముందు అరిచిన అరుపు 1993 అక్టోబరు 1 నాటికి సారా నిషేధం తెచ్చింది. ఆ అరుపు దేవతది కాదు. వాళ్ళదే.

ఆ అరుపుల్లో దళిత, కూలి స్త్రీల గొంతే ముందుండేదని మరచిపోకూడదు. మెల్లగా మాట్లాడటం మర్యాద అన్నది ఇల్లు కదలనక్కరలేని కులాల మర్యాద. చేను ఈ గట్టునుంచి ఆ గట్టుకు పిలవవలసిన మనిషికి మెల్లని గొంతు ఎలా కుదురుతుంది? ఆ గొంతునే మోటు అన్నారు. గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన 'నల్లపొద్దు' చదవండి, మోటు అని ఎవరు ఎవర్ని అన్నారో తెలుస్తుంది. ఈ వినుకొండలోనే 1895లో పుట్టిన జాషువా తన బాధను శివుడికి చేరవేయటానికి హంసనో చిలుకనో ఎంచుకోలేదు. గబ్బిలాన్ని ఎంచుకున్నాడు. అపశకునమని ఈసడించే ప్రాణికి రాయబారం అప్పగించాడు. ఈ ఊళ్ళో నిలబడి గరుకు గొంతు గురించి మాట్లాడటానికి అందుకే నాకు సంకోచం లేదు.

చివరగా, ఆ అమ్మాయి దగ్గరికే వస్తాను. తల్లితో మాట్లాడాను. మొదట ఆమె "మా పరువేం కావాలి?" అంది. చాలాసేపటికి, "కల్లంలో మేస్త్రి కూలి డబ్బులు ఎగ్గొడితే నేనూ అరుస్తాను. నా పిల్ల దేనికి అరుస్తోందో నాకు తెలీదు" అంది. ఆ మాటతో తలుపు కొద్దిగా తెరుచుకుంది. పిల్లను అడగమన్నాను. అడిగిందట. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు, అది వాళ్ళిద్దరిదీ. పెళ్ళి మాట మాత్రం డిగ్రీ పూర్తయ్యేదాకా ఆగింది. అన్న ఇంకా మాట్లాడటం లేదు.

మీ అందరికీ ఆ పాటలు నచ్చాలని నేను కోరటం లేదు. నిజం చెప్పాలంటే నాకే అన్నీ నచ్చవు. పది నిమిషాలు వింటే తలనొప్పి వస్తుంది. కానీ నచ్చటం వేరు, హక్కు వేరు. మీ ఇంట్లో పిల్ల గట్టిగా అరిచిననాడు పసుపునీళ్ళకూ పోవద్దు, కర్రకూ పోవద్దు. పక్కన కూర్చుని, దేనికమ్మా అని అడగండి. అడిగాక, చెప్పినంతసేపూ వినండి.