రైజ్ తగ్గిస్తే ట్రాక్టర్‌కి మంచిదా? నా డీపీఎఫ్ మూసుకుపోయిన కథ

ఈ ఎపిసోడ్ కొంచెం సిగ్గుపడుతూనే చేస్తున్నా. ఎందుకంటే ఇందులో చెప్పే తప్పు నాదే. ఆ తప్పుకి నేను కట్టిన బిల్లు 1,100 డాలర్లు. మీకు ఆ ఖర్చు రాకూడదనే ఈ వీడియో.

మాది టెక్సస్, డల్లాస్‌కి గంట దూరం. 6 ఎకరాల స్థలం. వారమంతా కంప్యూటర్ ముందు, శనివారం వస్తే ట్రాక్టర్ మీద. 35 హెచ్‌పీ కాంపాక్ట్ ట్రాక్టర్, ముందు లోడర్, వెనక గడ్డి కోసే కట్టర్. పోయిన ఏప్రిల్‌లో గుంటూరు నుంచి నాన్న వచ్చాడు. ముప్పై ఏళ్లు ట్రాక్టర్ తోలిన మనిషి. నేను కట్టర్ తిప్పుతుంటే గట్టు మీద నిలబడి ఒకటే కేక. "ఎందుకురా అంత రైజు? సగానికి తగ్గించు. డీజిల్ మిగులుద్ది, ఇంజిన్‌కీ ఆయుష్షు!"

నాన్న చెప్పాడు కదా, తగ్గించాను. గడ్డి సరిగా తెగకపోతే రెండోసారి తిప్పేవాణ్ని తప్ప రైజ్ పెంచలేదు. పైగా ఎండాకాలం, ఎండుగడ్డి. డాష్‌బోర్డు మీద రీజెన్ లైటు వెలిగినప్పుడల్లా భయమేసి, "ఇప్పుడు వద్దు" అనే బటన్ నొక్కేవాణ్ని. పని అయిపోగానే షెడ్డులో పెట్టి ఆపేసేవాణ్ని. అలా రెండు నెలలు గడిచాయి.

ఒక రోజు మట్టి నింపిన లోడర్‌తో చిన్న ఎత్తు ఎక్కుతుంటే బండి ఆగిపోయినంత పనైంది. పవర్ లేదు. లైటు ఆగకుండా మినుకుమంటోంది. నిలబెట్టి రీజెన్ చేద్దామంటే ఒప్పుకోలేదు. చివరికి ట్రైలర్ ఎక్కించి డీలర్ దగ్గరికి పంపితే, వాళ్లు లాప్‌టాప్ తగిలించి బలవంతంగా రీజెన్ చేశారు. రానూపోనూ ట్రైలర్ ఖర్చుతో కలిపి పైన చెప్పిన బిల్లు. వాడకంలో తప్పు కాబట్టి వారంటీ రాదన్నారు.

అసలు లోపల ఏం జరిగింది? డీపీఎఫ్ అంటే సైలెన్సర్ దారిలో ఉండే పింగాణీ లాంటి జల్లెడ. తేనెపట్టులా సన్నని గదులు. ఒక గదికి ఈ చివర మూత, పక్క గదికి ఆ చివర మూత. పొగ గోడల్లోంచి దూరి బయటికి పోవాలి. మసి అక్కడే ఆగిపోతుంది. ఆగిన మసిని కాల్చేయడమే రీజెన్.

ఇంజిన్ బాగా వేడిగా, లోడ్ మీద పనిచేస్తుంటే కొంత మసి దానంతటదే కాలిపోతుంది. మిగిలింది పేరుకున్నాక కంప్యూటర్ కొంచెం డీజిల్ ఎక్కువ పంపి, ఫిల్టర్‌ని దాదాపు 600 డిగ్రీలకు వేడెక్కించి కాలుస్తుంది. నేనేం చేశాను? రైజ్ తగ్గించి పొగ వేడెక్కనివ్వలేదు. లైటు వెలిగితే కాలనివ్వలేదు. రెండు దారులూ నేనే మూసేశాను.

మరి నాన్న చెప్పింది తప్పా? ఆయన బండికి అది తప్పు కాదు. అందులో ఈ జల్లెడ లేదు, మసి అంతా పైనుంచి గాల్లోకి పోయేది. ఈ బండికి మాత్రం ఆ జాలి పనికిరాదు. దీన్ని కష్టపెడితేనే ఆరోగ్యంగా ఉంటుంది.

అమెరికాలో 19 కిలోవాట్లు, అంటే సుమారు 25 హెచ్‌పీ దాటిన ఇలాంటి ఇంజిన్లకు మసి పరిమితి కిలోవాట్-అవర్‌కు 0.03 గ్రాములు. 2013 నుంచి ఇదే లెక్క. అంతకంటే చిన్న ఇంజిన్లకు పరిమితి వదులుగా ఉంటుంది. 25 దాటిన చాలా ట్రాక్టర్లకు ఈ డబ్బా ఉండటానికి, దానిలోపు వాటికి సాధారణంగా లేకపోవడానికి కారణం అదే. కొత్తగా కొనేవాళ్లు ముందు ఇది చూసుకోండి.

ఇప్పుడు నేను పాటిస్తున్నవి చెప్తా.

ఒకటి. కట్టర్ వాడుతుంటే పీటీఓ 540 తిరిగే ఆర్‌పీఎం దగ్గరే నడుపుతా. పది నిమిషాల పనులు నాలుగు ఉంటే విడివిడిగా చేయను, అన్నీ కలిపి ఒకేసారి చేస్తా. ఇంజిన్ ఆన్‌లో వదిలేసి ఫోన్ మాట్లాడటం పూర్తిగా మానేశా.

రెండు. రీజెన్ మొదలైతే పూర్తి కానిస్తా. ఆ బటన్ ఉన్నది గడ్డివాము పక్కన, షెడ్డు లోపల, మంట అంటుకునే చోట వాడటానికి. ఒకసారి వాయిదా వేస్తే కొంప మునగదు. కానీ అక్కణ్నుంచి బయటికి రాగానే బటన్ మళ్లీ మామూలుగా పెట్టాలి. నేను మర్చిపోయింది అదే.

మూడు. నిలబెట్టి రీజెన్ చేయాలంటే ఆరుబయట, కంకర మీద. ఎండుగడ్డి మీద వద్దు, షెడ్డులో అసలే వద్దు. ముందుగా ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే సైలెన్సర్ చుట్టూ ఇరుక్కున్న గడ్డీగాదం తీసేయండి. అయిపోయాక వెంటనే ఆపకుండా కొన్ని నిమిషాలు ఐడిల్‌లో చల్లారనివ్వండి.

నాలుగు, ఆయిల్. మసి కాలుతుంది, బూడిద కాలదు. ఆ బూడిద ఎక్కువగా ఇంజిన్ ఆయిల్ నుంచే వస్తుంది. కట్టెల పొయ్యిలో బూడిద ఎత్తిపోయకపోతే మంట రాజుకోదు కదా, ఇదీ అంతే. మాన్యువల్ చెప్పిన సీజే-4 లేదా సీకే-4 రకం ఆయిలే పోయండి. డీజిల్ కూడా తక్కువ సల్ఫర్‌దే వాడాలి, ఇక్కడ పరిమితి 15 పీపీఎం. ఎంత జాగ్రత్తగా ఉన్నా మూడు వేల గంటల దగ్గర ఫిల్టర్ విప్పి బూడిద తీయించాల్సి రావచ్చు. అది మెషీన్ ఉన్న షాపు పని. ఇంట్లో ప్రెషర్ వాషర్‌తో ప్రయోగాలు చేయకండి.

అయిదు. డిప్‌స్టిక్ చూడండి. ఆయిల్ తగ్గితే అందరం కంగారు పడతాం. ఇక్కడ పెరిగినా కంగారు పడాలి. రీజెన్ మాటిమాటికీ మధ్యలో ఆగిపోతే, కొన్ని ఇంజిన్లలో కాలని డీజిల్ ఆయిల్‌లోకి దిగుతుంది. ఆయిల్ పలచబడితే బేరింగులకు ముప్పు.

ఆరోది అన్నిటికంటే ముఖ్యం. రీజెన్ అయిన ప్రతిసారీ గంటల మీటరు రీడింగ్ ఫోన్‌లో రాసుకోండి. పాత బండి నల్లపొగ వదిలితే "ఏదో తేడా ఉంది" అని తెలిసేది. ఇప్పుడు ఫిల్టర్ ఆ పొగని దాచేస్తుంది. ఇంజెక్టర్ పాడైనా, ఎయిర్ ఫిల్టర్ మూసుకున్నా, టర్బో గొట్టం లీకైనా బయటికి కనపడదు. రెండు రీజెన్ల మధ్య గంటలు మాత్రం తగ్గిపోతూ ఉంటాయి. ముప్పై గంటలకు ఒకసారి వచ్చేది పది గంటలకే వస్తోందంటే అదే ఇప్పటి నల్లపొగ. ఫిల్టర్ మార్చినా లాభం లేదు, జబ్బు ఇంకోచోట ఉంది.

చివరిగా, చాలామంది నోట వినిపించే మాట: "డీపీఎఫ్ పీకేస్తే పోలా?" బిల్లు కట్టిన రోజు నాకూ అదే అనిపించింది. తెలిసినాయన ఒకరు పీకేసి, కంప్యూటర్‌లో మార్చి ఇస్తానన్నాడు కూడా. ఇక్కడ క్లీన్ ఎయిర్ యాక్ట్ కింద అది చట్టవిరుద్ధం. నాన్నతో చెప్తే చట్టం సంగతి అడగలేదు. "మరి ఆ మసి ఎక్కడికి పోద్ది?" అన్నాడు. బయటికే అన్నా. "బయటికంటే? తోలేవాడి ముక్కులోకేగా!"

డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2012లో తేల్చింది. ముప్పై ఏళ్లు ఆ పొగ వెనకే కూర్చున్న మనిషికి నేను అది చదివి వినిపించలేకపోయా.

మర్నాడు పొద్దున్నే నాన్న చల్లారిన సైలెన్సర్ గొట్టంలోకి తువ్వాలు చుట్టిన వేలు పెట్టి తిప్పాడు. తువ్వాలు తెల్లగానే ఉంది. "ఇదేందిరా, అసలు నడిచిన బండేనా ఇది?" అన్నాడు. మీరూ చల్లగా ఉన్నప్పుడు అలా తుడిచి చూడండి. నల్లగా అంటితే ఫిల్టర్ లోపల పగిలిందేమో చూపించుకోవాలి.

ఊళ్లో ఉండి చూస్తున్నవాళ్లకి ఒక మాట. మన దేశంలో 50 హెచ్‌పీ పైబడిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి ట్రెమ్-4 నిబంధనలు వచ్చాయి. కొత్త బండి కొనేటప్పుడు "ఇందులో డీపీఎఫ్ ఉందా, రీజెన్ ఎలా చేయాలి?" అని షోరూమ్‌లోనే అడగండి. ఇంట్లో ఎవరు తోలతారో వాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని ఆ లైటు చూపించండి.

ఇప్పుడు నాన్న మళ్లీ గుంటూరులో ఉన్నాడు. శనివారం వీడియో కాల్ చేస్తే ముందు అడిగేది, "లైటు వచ్చిందా? కాలనిచ్చావా?" అని. కాలనిస్తున్నా నాన్నా.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.