మన లెక్క మన దగ్గర ఉండాలి
(మహిళా కార్మికుల సమావేశంలో కార్యదర్శి ప్రసంగం)



పేద దేశాల ఆడవాళ్ల బతుకు, ఆరోగ్యం గురించి పరిశోధనలు చాలా జరిగాయి. మన బెంగళూరు గార్మెంట్ కార్మికులనూ అడిగి రాసుకుపోయారు. మంచిదే. కానీ మన లెక్క మన దగ్గర ఉండాలి.

పొద్దున తెచ్చుకున్న నీళ్ల సీసా సాయంత్రం నిండుగానే ఇంటికి పోతోంది. ఎందుకు? నీళ్లు తాగితే మిషన్ వదిలి లేవాలి. లేస్తే పీసులు తగ్గుతాయి, సూపర్‌వైజర్ కేకలేస్తాడు. తాగకపోతే మూత్రంలో మంట, జ్వరం. మందుల ఖర్చు మన జీతంలోంచే. దీన్ని ఆడవాళ్ల జబ్బంటారు. కాదు, ఇది టార్గెట్ తెచ్చిన జబ్బు.

2016 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం, పి.ఎఫ్.లో యజమాని వాటా 58 ఏళ్లు నిండేదాకా తీసుకోరాదంది. ఏప్రిల్ 18, 19 తేదీల్లో ఇక్కడి గార్మెంట్ కార్మికులు రోడ్డెక్కారు. ఎక్కువమంది ఆడవాళ్లే. లాఠీలకు, బాష్పవాయువుకు బెదరలేదు. 19నే ప్రభుత్వం వెనక్కి తగ్గింది. పి.ఎఫ్. లెక్క అందరికీ తెలుసు గనుకే అంతమంది కదిలారు.

ఆరోగ్యం లెక్కా అలాగే తెలియాలి. ప్రతి లైనులో ఒక అక్క నోట్‌బుక్ పెట్టాలి. మరుగుదొడ్లు ఎంతమందికి ఎన్ని? గంటకు టార్గెట్ ఎంత? జబ్బు సెలవు ఎందరు అడిగారు, ఎందరికి దొరికింది? పేర్లు వద్దు, అంకెలు చాలు. ఆ పుస్తకం పట్టుకునే యాజమాన్యం ముందు కూర్చుందాం.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!