చెట్టు మందు, సర్కారు దవాఖాన, మా మూడు రంగుల పుస్తకం

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో, అమ్రాబాద్, మా సంఘం తరఫున చేసిన ప్రసంగం)



పొదుపు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి లెక్కలన్నీ మాకన్నా ముందు మాట్లాడిన అక్కలు చెప్పిండ్రు. మమ్మల్ని ఆరోగ్యం మీద మాట్లాడమన్నరు. దశసూత్రాల్లో ఆరోగ్యం ఉన్నదని మనకు నోటికి వచ్చు. కాని చాలా తీర్మానం పుస్తకాల్లో దాని కింద "మరుగుదొడ్డి వాడుతున్నాము, చేతులు కడుగుతున్నాము" అని రెండు లైన్లు ఉంటయి, కింద సంతకాలు ఉంటయి. అంతే.

మేము ఇందులోకి దిగింది అప్పుల పుస్తకం చూసి. వీఓఏ చెల్లె సంవత్సరం లెక్క తీస్తుంటే "అప్పు దేనికి" అన్న గడిలో బర్రె కన్నా, ఎరువుల కన్నా "దవాఖాన ఖర్చు" అన్న మాటే ఎక్కువసార్లు కనబడ్డది. పెద్ద ఆపరేషన్లు కావు అవి. ఒంటి నొప్పులకు ఒక సూది, నీరసానికి ఒక గ్లూకోజ్ బాటిల్, అది దిగకపోతే ఇంకో బాటిల్. పత్తి ఏరే రోజుల్లో సూది వేయించుకుంటేనే మరునాడు కూలికి లేవగలుగుతమని అక్కలు అంటరు. మేము దాన్ని తప్పు పట్టం, కూలి పోతే పూట ఎట్ల గడుస్తది? కాని ఆ బాటిల్లో ఏమున్నదో అడిగితే పదకొండు మందిలో ఒక్కరికీ తెలియదు. పైసలిచ్చి కొన్నదాని పేరు మనకు తెలియదు. పైసలు లేకుండ అడవిలో దొరికేదాని పేరు మన అవ్వలకు తెలుసు, అదీ మనకు తెలియదు. రెండు దిక్కులా తెలియకుండ ఎట్ల బతుకుతమని ఆ రోజు మీటింగులో మాట వచ్చింది.

ఒక అక్క ఖాళీ బాటిల్ తెచ్చింది. దానిమీద 5% అని ఉన్నది. వందకు ఎంత అన్న లెక్క మనకు రాదా? రోజూ వడ్డీ కట్టేటోళ్లమే కద! వంద మిల్లీలీటర్లకు ఐదు గ్రాములు, అర లీటరుకు ఇరవై ఐదు గ్రాముల చక్కెర. మిగిలినదంతా నీళ్లు. ఆ లెక్క తేలినంక ఇంట్లో ఐదారు చెంచాల చక్కెర కొలిచి గిన్నెలో పోసి అందరం చూసినం. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. వాంతులతో నీళ్లు నిలవనోళ్లకు, స్పృహ లేనోళ్లకు ఆ బాటిలే ప్రాణం, అది వేరే ముచ్చట. నోటితో తాగగలిగిన మనిషికి మాత్రం బెల్లం నీళ్లు, గంజి, నిమ్మకాయ నీళ్లు అదే పని చేస్తయి.

దీని గురించి ఇంకొకటి చదివి తెలుసుకున్నం. 1971లో బంగ్లాదేశ్ యుద్ధంలో లక్షల మంది మన దేశానికి పారిపోయి వచ్చినప్పుడు బెంగాల్‌లోని బనగావ్ శిబిరంలో కలరా వచ్చింది. ఎక్కించే బాటిళ్లు అయిపోయినయి. అక్కడున్న డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పెట్టించి తాగించిండు. తాగించింది నర్సులే కాదు, రోగుల పక్కనున్న తల్లులు, అక్కచెల్లెండ్లు. చావులు బాగా తగ్గినయి. ఇయ్యాల మన ఆశా అక్క ఇచ్చే ఓఆర్ఎస్ పాకెట్ ఆ బాటలో వచ్చిందే. పాకెట్ లేకపోతే కాచి చల్లార్చిన లీటరు నీళ్లకు చిన్న చెంచాతో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా గీసి సమానం చేయాలె. ఉప్పు ఎక్కువైతే పిల్లలకు కీడు.

మాకు ఎవరూ శిక్షణ ఇయ్యలేదు. అడిగితే నిధులు వచ్చినంక చూద్దామన్నరు. నిధుల కోసం కూర్చోకుండ వారం మీటింగులో పొదుపుకు ముందు అరగంట దీనికి పెట్టుకున్నం. పదో తరగతి చదివినోళ్లం ఇద్దరం పైకి చదువుతం, మిగిలినోళ్లు వింటరు, తగాదా పెట్టుకుంటరు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ తెలుగులో వేసిన "వైద్యుడు లేనిచోట" తెప్పించుకున్నం. మెక్సికో కొండల్లోని పల్లెల కోసం డేవిడ్ వెర్నర్ రాసిన పుస్తకం అది. బొమ్మలు ఎక్కువ, చదువు రానోళ్లు కూడ బొమ్మ చూసి అడుగుతరు. ఆడవాళ్ల బాధల కోసం స్త్రీశక్తి సంఘటన వాళ్లు తెచ్చిన "సవాలక్ష సందేహాలు" చదివినం. అది మనలాగ ఆడవాళ్లు గుంపుగా కూర్చొని తయారుచేసింది. తెల్లబట్ట గురించి చదివిన రోజు సిగ్గుతో తలుపు వేసి చదివినం. తరువాత నుంచి తలుపు తీసే ఉంటున్నది.

పుస్తకం ఒక పక్క, అవ్వలు ఒక పక్క. పెంట నుంచి ఒక చెంచు అవ్వను బతిమాలి తెచ్చుకున్నం. ఆమెకు అక్షరం రాదు. ఆమెతోని అడవి అంచున నడుస్తుంటే మనం గడ్డి అనుకునే దాంట్లో ఆమె నేలవేము, నేల ఉసిరి, పొడపత్రి ఏరి చూపిస్తది. వేరు తవ్వేటప్పుడు సగం వేరు భూమిలోనే ఉంచి మట్టి కప్పుతది. అట్ల ఎందుకని అడిగితే మీ బిడ్డలకు వద్దా అన్నది. సంపూర్ణ వైద్యం అని పట్నంలో పెద్ద పేరు పెట్టి చెప్తరు. ఈమె ఆ పేరు వినలేదు. కాని మందు అడిగితే మొదట ఆకు కోయదు. ఏం తిన్నవు, నిద్ర పట్టుతున్నదా, ఇంట్లో ఎవరితోనన్న పంచాయితీ అయిందా అని అడుగుతది. ఆ అడిగే పద్ధతి మేము అట్లనే తీసుకున్నం. మాలో ఒక అక్కకు రెండేండ్ల నుంచి నడుం నొప్పి, ఎన్ని సూదులు వేసినా తగ్గలేదు. ఆ ప్రశ్నలు అడిగితే బయటపడ్డదేందంటే, రాత్రంతా తాగొచ్చిన మొగోని కోసం మెలకువతో కూర్చుంటది, పొద్దున టీ తాగి కూలికి పోతది, మధ్యాహ్నం దాకా తిండి లేదు. ఏఎన్ఎం మేడం రక్తం పరీక్ష చేయిస్తే రక్తం తక్కువున్నదని తేలింది. ఐరన్ గోలీలు టీతో మింగితే ఒంటికి పట్టవని, నిమ్మకాయ పిండిన అన్నం తిన్నంక వేసుకోవాలని అప్పుడే తెలిసింది. పొద్దున ఆమెకు రొట్టె పక్కింటి అక్క ఇస్తున్నది. మొగోని ముచ్చట గ్రామ సంఘంలో ఉన్నది, ఇంక తేలలేదు.

ఇగ మా పుస్తకం. మూడు రంగుల సిరాతో రాస్తం. ఇంట్లో చేసుకోదగ్గది పచ్చ సిరా, వెంటనే దవాఖానకు పోవాల్సింది ఎర్ర సిరా, మాకు తేలనిది నల్ల సిరా. చదువు రానోళ్లు కూడ రంగు చూసి గుర్తుపడుతరు. ఏ రంగుతో రాయాలె అన్నదాని మీదనే తగాదాలన్నీ.

చిల్లగింజ తీసుకోండ్రి. బిందె లోపల చిల్లగింజ అరగదీస్తే మురికి నీళ్లు తేటపడుతయని అవ్వలు చెప్తరు. నిజమే. రెండు బిందెల్లో వాగు నీళ్లు పోసి ఒకదాంట్లో అరగదీసి చూసినం, తెల్లారేసరికి అడుగున బురద పేరుకున్నది, పైన నీళ్లు అద్దం లెక్క ఉన్నయి. కాని తేట నీళ్లలో కూడ కంటికి కనబడని పురుగు ఉంటది. అందుకని తేర్చినంక మరగబెట్టాలని పచ్చ సిరాతోనే పక్కన రాసినం. కామెర్ల పసరు దగ్గర చాలా రోజులు పట్టింది. పసరు తాగినోళ్లలో చాలామందికి తగ్గింది, మేమే చూసినం. పుస్తకం ఏమంటదంటే చాలామందికి కామెర్లు కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతయి. పసరు తాగినా తగ్గుతయి, తాగకపోయినా తగ్గుతయి. మరి గర్భిణికి వస్తే? ఒక రకం కామెర్లు గర్భిణి ప్రాణం తీస్తయి. గర్భిణికి కామెర్లు అన్నది ఎర్ర సిరా. పసరు కండ్లల్లో పోసుడు కూడ ఎర్ర సిరా, చేయొద్దని.

తేనె దగ్గర అవ్వకు కోపం వచ్చింది. పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాయుడు తాతల నాటి నుంచి ఉన్నది. ఏడాది నిండని బిడ్డకు తేనె వద్దని, దాంట్లో ఉండే ఒక రకం విత్తనం లాంటి క్రిమి చంటి పేగుల్లో మొలిచి ఒళ్లు చచ్చుపడేటట్టు చేయొచ్చని ఏఎన్ఎం మేడం చెప్పింది. మా అడవి తేనెనే తప్పంటారా అని అవ్వ లేచి పోయింది. రెండు వారాలు రాలేదు. మూడో వారం వచ్చి, పెద్దోళ్ల పుండ్లకు తేనె పెట్టుడు మంచిదేనా అని అడిగింది. పుండు మానడానికి శుభ్రం చేసిన తేనె పట్టీలు పెద్ద దవాఖానల్లో కూడ వాడుతరని మేడం చెప్తే నవ్వింది. బిడ్డకు గంటలోపు తల్లిపాలు, తేనె ఏడాది తరువాతనే. ఆమె మనవరాలి కాన్పుకు అట్లనే చేసిండ్రు.

ఈశ్వరి వేరు గురించి అందరూ వినాలె. పాము కాటుకు, కడుపు నొప్పికి ఇస్తరు. ఆ జాతి మొక్కల్లో, గాడిదగడపాకులో కూడ, కిడ్నీలను పాడుచేసి క్యాన్సర్ తెచ్చే విషం ఉన్నది. 1990ల్లో బెల్జియంలో బరువు తగ్గే గోలీల్లో ఆ జాతి మొక్క కలిసి ఎందరో ఆడవాళ్ల కిడ్నీలు పోయినయి. అందరికీ ఇష్టమైన తిప్పతీగ మీద కూడ తగాదా ఉన్నది. 2021లో ముంబై డాక్టర్లు అది రోజూ తాగిన కొందరికి కాలేయం దెబ్బతిన్నదని రాసిండ్రు, ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు. తిప్పతీగ మా దగ్గర నల్ల సిరా.

పాము కాటు ముచ్చట చెప్పక తప్పదు. పోయిన ఏడాది వానల్లో పక్క ఊర్లో ఒక పిలగాన్ని రాత్రి పండుకున్న చోట కట్లపాము కరిచింది. కట్లపాము కాటు నొప్పి ఉండదు, వాపు ఉండదు, చీమ కుట్టినట్టు ఉంటది. మంత్రం వేయించిండ్రు, పసరు పోసిండ్రు. పొద్దునకు రెప్పలు వాలినయి. అచ్చంపేట తోవలోనే పాణం పోయింది. ఆ తల్లి మన సమాఖ్యలో సభ్యురాలు, ఇక్కడనే కూర్చున్నది. ఆమెను అడిగి, ఆమె చెప్పమంటేనే చెప్తున్నం.

మంత్రంతో బతికినోళ్లు లేరా అంటరు. ఉన్నరు. మన దగ్గర కరిచే పాముల్లో చానా వాటికి విషం లేదు. విషమున్న పాము కూడ ఒక్కోసారి విషం ఎక్కియ్యకుండ కరుస్తది. వాళ్లు మంత్రం లేకున్నా బతికెటోళ్లే. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి, ఈ నాలుగింటికీ విరుగుడు సూది ఒక్కటే. అది సర్కారు దవాఖానలో పైసలు లేకుండ ఇస్తరు. గట్టిగా కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు. కరిచిన కాలుకు కట్టె ఆనించి కదలకుండ పెట్టి, నడిపించకుండ ఎత్తుకొని 108కి ఫోన్ చేయాలె. మబ్బుల మంచం మీద, దోమతెర కింద పండుకుంటే కట్లపాము బాధే సగం తగ్గుతది.

ఆ విరుగుడు ఎట్ల తయారైతదో అవ్వకు చెప్పినం. తమిళనాడులో ఇరుల గిరిజనులు పాములు పట్టుడులో నేర్పరులు. 1978లో వాళ్లు సహకార సంఘం పెట్టుకొని, పాముల నుంచి విషం తీసి మందు కంపెనీలకు అమ్ముతరు, పామును మళ్లీ అడవిలో వదులుతరు. ఆ విషం కొంచెం కొంచెం గుర్రాలకు ఎక్కించి, వాటి రక్తం నుంచి విరుగుడు తీస్తరు. అవ్వ అంతా విని, "అట్లయితె అది కూడ అడవోళ్ల మందే కద" అన్నది. ఇప్పుడు పెంటల్లో పాము కరిస్తే ఫోన్ చేయమని మొదట చెప్పేది ఆమెనే.

చివరగా ఒక పని ఉన్నది, అందరూ తీర్మానం చేయాలె. మా పుస్తకం సంగతి విని పట్నం నుంచి ఒకాయన వచ్చిండు. పేజీలన్నీ ఫొటో తీసుకుంటా, ఐదు వేలు ఇస్తా అన్నడు. అవ్వ చెప్పింది కూడ ఆ పుస్తకంలో ఉన్నది కద. మేము ఇయ్యలేదు. కేరళలో కాణి గిరిజనులు 1987లో శాస్త్రవేత్తలకు తోవ చూపిస్తూ అలసట రాకుండ ఒక మొక్క కాయలు తింటుంటే, దాన్ని అడిగి తెలుసుకొని "జీవని" అనే మందు తయారుచేసిండ్రు. లాభంలో కాణిల ట్రస్టుకు వాటా ఇచ్చిండ్రు, అయినా అందరినీ అడగలేదని వాళ్లలో తగాదా వచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టంలో అడవి జ్ఞానం మీద ఆ సమాజానికి హక్కు ఉన్నదని రాసి ఉన్నది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ఊర్లో కమిటీ పెట్టి రిజిస్టర్ రాసుకోవచ్చు. అందుకని మా కోరిక ఇది: పుస్తకంలో చెంచు అవ్వలు చెప్పిన భాగం ఎవరికి చూపాలె, ఎవరికి చూపొద్దు అన్నది పెంటల వాళ్లే కూర్చొని తేల్చాలె, సమాఖ్య దానికి కట్టుబడాలె. మిగిలిన భాగం, పాము కాటు, ఓఆర్ఎస్, రక్తం తక్కువ, కామెర్లు, ఏ సంఘం వచ్చినా రాసుకొని పోవచ్చు.

నల్ల సిరా పేజీలు ఇంక చానా ఉన్నయి. మోకాళ్ల నొప్పికి వావిలాకు కాపడం, నెలసరి ఆగే వయసులో ఒంటి వేడి, పొడపత్రి తింటే షుగర్ గోలీ మానొచ్చా అన్నవి అందులో ఉన్నయి. షుగర్ గోలీ మాత్రం డాక్టర్‌ను అడగకుండ మానొద్దని అప్పటిదాకా ఎర్ర సిరాతో రాసినం. ప్రతి నెలా మొదటి బుధవారం సమాఖ్య ఆఫీసులో పొద్దున పదకొండుకు కూర్చుంటం, వచ్చేటోళ్లు మీ ఊరి అవ్వను కూడ తోల్కరాండ్రి.